ఇంట్లో ఆఫీసు గది, గోడ నిండా పుస్తకాల అరలు: ఏది ఎవరికి నప్పుతుంది?

ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఒక గది ఖాళీ చేసుకుని, బల్ల, కుర్చీ, గోడ నిండా పుస్తకాల అరలు సొంతంగా అమర్చుకోవాలనుకోగానే అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: ఏ ప్లై వాడాలి? నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, అరల వెనక ఉండే గోడ ఎలాంటిది? రెండోది, ఒక్కో అర ఎంత పొడవు? ఈ రెండూ తేలితే చెక్క ఎంపిక సగం దానంతటదే తేలిపోతుంది. ఇవి వదిలేసి ఖరీదైన ప్లై కొన్నా, రెండేళ్లకు అర నడుము వంగుతుంది, లేదా వెనక చెమ్మ పట్టి సన్‌మైకా లేచిపోతుంది.

మన ఇళ్లలో అందుబాటులో ఉన్న దారులు నాలుగు. కడప బండలతో గోడలోనే గూళ్లు కట్టించుకోవడం. ప్లైవుడ్ కోయించి తెచ్చుకుని అరలు మనమే బిగించుకోవడం. రెడీమేడ్ బుక్ ర్యాకులు కొని, వాటిని గోడకు కలిపి బిల్టిన్‌లా చేసుకోవడం. స్టీలు ర్యాకులు. వడ్రంగితో టేకు చేయించుకోవడం ఐదో దారి. కానీ అక్కడ మీరు చేసే పని తక్కువ కాబట్టి దాని గురించి క్లుప్తంగానే చెబుతాను.

గోడ సంగతి

గోడ దేనితో కట్టారో తెలియకపోతే, ఎవరికీ కనపడని మూలలో డ్రిల్‌తో చిన్న రంధ్రం వేసి, రాలే పొడిని చూడండి. ప్లాస్టరింగ్ దాటాక ఎర్రటి పొడి వస్తే మట్టి ఇటుక. బూడిద రంగు పొడి వస్తూ డ్రిల్ ఓ మోస్తరుగా దిగుతుంటే ఫ్లై యాష్ ఇటుక. తెల్లటి మెత్తటి పొడి వస్తూ, వెన్నలోకి దిగినట్టు బిట్ దూసుకుపోతే అది ఏఏసీ బ్లాకు, మేస్త్రీలు లైట్ వెయిట్ బ్లాకు అంటారు. బిట్ అసలు కదలకుండా మొరాయిస్తే కాంక్రీటు. మైవాన్ (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసే) షట్టరింగ్‌తో కట్టిన కొత్త టవర్లలో గోడలు కూడా కాంక్రీటే. వాటికి హ్యామర్ డ్రిల్ తప్పనిసరి. ఆ గోడలు భవనం బరువు మోసేవి కాబట్టి వాటిని తొలిచి గూడు పెట్టే ఆలోచన పూర్తిగా మానుకోవాలి.

ఏఏసీ గోడకు మామూలు ప్లాస్టిక్ గిట్టీ, చిన్న స్క్రూ పెడితే పట్టు ఉండదు. ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి నైలాన్ యాంకర్లు దొరుకుతాయి, అవి వాడాలి. అవి వాడినా, పుస్తకాల బరువంతా గోడకు వేలాడేసే బ్రాకెట్ అరలు ఈ గోడకు నేను సిఫారసు చేయను. బరువు నిలువు చెక్కల మీదుగా నేలకు దిగాలి. గోడ పని అర ముందుకు పడకుండా పట్టుకోవడం వరకే. ఏ గోడకైనా ఈ పద్ధతి మంచిదే.

తర్వాత చూడాల్సింది చెమ్మ. గోడ అవతల బాత్రూమ్ ఉందా? వాన జల్లు నేరుగా కొట్టే బయటి గోడా? అనుమానం ఉంటే రెండడుగుల ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు గాలి చొరకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు కడితే చెమ్మ గోడ నుంచే వస్తోంది. ముందు దానికి మరమ్మతు చేయించాలి, లేదా అరలు వేరే గోడకు మార్చుకోవాలి. చెమ్మ గోడకు ఏ ప్లై పెట్టినా, పుస్తకాలు మాత్రం పాడవుతాయి.

ఇంకొకటి, డ్రిల్ పట్టుకునే ముందు స్విచ్ బోర్డులు ఎక్కడున్నాయో చూసుకోండి. గోడ లోపలి వైర్ల పైపులు సాధారణంగా బోర్డు నుంచి నిలువుగా పైకి పోతాయి. ఆ నిలువు గీత మీద రంధ్రం పెట్టకూడదు.

అమెరికాలో ఉండే మనవాళ్లకు ఈ లెక్క పూర్తిగా వేరు. అక్కడి ఇళ్లలో గోడ అంటే జిప్సం బోర్డు, దాని వెనక ఎక్కువగా 16 అంగుళాలకొకటి చొప్పున చెక్క నిలువులు ఉంటాయి. స్క్రూ ఆ నిలువులోకే దిగాలి. వట్టి బోర్డుకు బిగించిన అలమారా ఎప్పుడైనా ఊడి రావచ్చు.

అర పొడవే అసలు బలం

పుస్తకాలను వరసగా పేరిస్తే అడుగు పొడవుకు ఆరు నుంచి పది కిలోలు తూగుతాయి. మామూలు తెలుగు నవలలు, కథా సంపుటాలైతే తక్కువ వైపు, ఇంజనీరింగ్, లా పుస్తకాలైతే పది దాటినా దాటుతాయి. ఆ బరువు రోజూ, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఈ రోజు నిటారుగా ఉన్న చెక్క నెమ్మదిగా కుంగడానికి కారణం ఇదే.

అర మీద బరువు సమానంగా పరచుకుని ఉంటే, వంపు పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. లెక్కల మాట పక్కన పెట్టి ఆచరణకు వస్తే, రెండున్నర అడుగుల అరను మూడడుగులు చేస్తే వంపు రెట్టింపు అవుతుంది. ఐదడుగులు చేస్తే పదహారు రెట్లు. మందం వైపు నుంచి చూస్తే, 18 మిల్లీమీటర్ల చెక్క బదులు 25 మిల్లీమీటర్లది వాడితే వంపు దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. అంటే మధ్యలో ఒక నిలువు చెక్క అదనంగా పెట్టడమే అన్నిటికంటే చవకైన బలం. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోల్లో ఆరడుగుల పొడవున ఏ ఆధారమూ లేకుండా సాగిపోయే అరలు చూసి ముచ్చట పడకండి. వాటి లోపల ఇనుప చట్రం ఉండి ఉండాలి, లేదా వాటి మీద నాలుగు పుస్తకాలు, ఒక పూలకుండీ మాత్రమే ఉండి ఉండాలి.

నేను పాటించే హద్దులు ఇవి. 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు (చెక్క తురుము అతికించి చేసింది) అయితే రెండడుగులు దాటొద్దు. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన బోర్డు) అయినా అంతే. అదే మందం మంచి ప్లై అయితే రెండున్నర అడుగుల దాకా నిశ్చింత, వెనక 6 మిల్లీమీటర్ల ప్లై బిగించి, ముందు అంచు కింద ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీ కొడితే మూడడుగుల వరకూ పోవచ్చు. ప్లై కోసేటప్పుడు పై పొర గీతలు అర పొడవు వెంబడి ఉండేలా చూసుకోవాలి, అడ్డంగా వస్తే బలం తగ్గుతుంది.

కడప బండల గూళ్లు

పాత ఇళ్లలో పెరిగినవాళ్లకు వీటి గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. గోడ కట్టేటప్పుడే రెండు పక్కలా రెండు మూడు అంగుళాలు లోపలికి దూర్చి నిలిపిన నల్లటి బండ అరలు తరాలు గడిచినా అంగుళం కదలవు. నీళ్లు తగిలినా ఉబ్బవు, వంగవు, చెద తినదు. సొంత ఇల్లు ఇప్పుడే కట్టుకుంటున్నవాళ్లు, గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఆఫీసు గది అనుకుంటే, రెండో ఆలోచన లేకుండా దీనికే వెళ్లండి. చెక్క అరల ఖర్చుతో పోల్చి చూస్తే మీకే అర్థమవుతుంది. బండ ముందు అంచును గుండ్రంగా పాలిష్ పట్టించుకోవడం మాత్రం మరవద్దు, లేకపోతే పుస్తకాల అట్టలు గీసుకుపోతాయి.

కానీ ఒక అపోహ ఉంది. బండను చెద తినదు కాబట్టి పుస్తకాలకూ భయం లేదనుకుంటారు. చెద గోడ పగుళ్లలోంచి వచ్చి, బండ మీదుగా మట్టి దారి కట్టుకుని నేరుగా కాగితానికి చేరుతుంది. ఏడాదికి ఒకసారైనా పుస్తకాలన్నీ దింపి వెనక గోడ చూడాల్సిందే.

ఇప్పటికే కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఇదే చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. బరువు లెక్క చూద్దాం. ఎనిమిది అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు అలమారాకు నాలుగు నిలువు ఇటుక గోడలు కావాలి, ఒక్కోటి నాలుగున్నర అంగుళాల మందం, అడుగు లోతు. ఒక్కో గోడ 140 కిలోల దాకా తూగుతుంది. అంగుళానికి కాస్త పైన మందమున్న రెండున్నర అడుగుల బండ ఒక్కోటి 17 కిలోలనుకున్నా, 18 బండలకు 300 కిలోలు దాటుతుంది. అంటే ఒక్క పుస్తకం పెట్టకముందే 800 కిలోల పైమాట. అపార్ట్‌మెంట్ గదులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు పడుతుందన్న లెక్కతో డిజైన్ చేస్తారు. గది మొత్తం మీద సర్దుకునే లెక్క అది. ఇలా ఒక్క వారగా ఇంత బరువు పేర్చడం, కింద బీమ్ ఉందో లేదో తెలియకుండా చేసే పని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించకుండా చేయొద్దు. నన్నడిగితే, పై అంతస్తుల్లో ఈ ఆలోచనే వద్దు.

ప్లైవుడ్: చాలామందికి నేను చెప్పే జవాబు

పైన చెప్పిన అలమారానే ప్లైతో చేస్తే పుస్తకాలు కాక 130 కిలోలకు అటూ ఇటూగా తేలుతుంది. పుస్తకాలు మరో 350 నుంచి 400 కిలోలు. ఇది కూడా గోడ వారగా, వీలైతే కింద బీమ్ ఉన్న వైపు పెట్టుకోవడమే మంచిది. గది మధ్యలో పార్టిషన్‌లా నిలబెట్టొద్దు.

షీటు 8 అడుగులు × 4 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. దుకాణంలో ధర చదరపు అడుగుకు చెబుతారు. గదికి కొలత తీసుకునే ముందు షీటును దృష్టిలో పెట్టుకుంటే వేస్టు బాగా తగ్గుతుంది. షీటును పొడవునా నాలుగు పట్టీలు చేస్తే, రంపం మందం పోను ఒక్కోటి పదకొండు ముప్పావు అంగుళాల వెడల్పు వస్తుంది. పుస్తకాలకూ, ఆఫీసు ఫైళ్లకూ ఈ లోతు చక్కగా సరిపోతుంది. ఒక్కో పట్టీ నుంచి 31 అంగుళాల అరలు మూడు వస్తాయి. మూడు గడుల (నిలువుల మధ్య భాగాల) అలమారాకు ఏడడుగుల నిలువులు నాలుగు, అంటే ఒక షీటు. గడికి పైదీ కిందిదీ కలిపి ఏడు చెక్కలు, మొత్తం 21, అంటే ఏడు పట్టీలు. రెండు షీట్లలో ఎనిమిది పట్టీలుంటాయి కాబట్టి ఒకటి మిగులుతుంది. కింద మూడంగుళాల పీఠానికి, అరలు ఆనించే చిన్న పట్టీలకు అదీ, నిలువుల్లో మిగిలిన ముక్కలూ సరిపోతాయి. మొత్తం వెడల్పు ఎనిమిది అడుగుల్లోపే వస్తుంది కాబట్టి వెనక వైపుకు 6 మిల్లీమీటర్ల షీట్లు రెండు అడ్డంగా పెడితే చాలు. మూడు మందపాటి షీట్లు, రెండు పల్చటివి, ఇదీ సరుకు.

అర ఎత్తు విషయంలో మన పుస్తకాలకు తగ్గట్టు ఆలోచించండి. తెలుగు పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ సైజు, ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు. వాటికి పదంగుళాలు ఇస్తే సరిపోతుంది. ఏ4 ఫైళ్లకు 13 అంగుళాలు కావాలి. కింది రెండు వరసలు ఫైళ్లకు, పెద్ద పుస్తకాలకు 14 అంగుళాలు పెట్టి, పైన నాలుగు వరసలు 12 అంగుళాలు పెడితే ఏడడుగులు సరిగ్గా సర్దుకుంటుంది. అన్నీ నవలలే ఉన్నవాళ్లు పైన ఇంకో వరస ఇరికించుకోవచ్చు.

ఏ గ్రేడు అన్నది ఇప్పుడు చూద్దాం. ఐఎస్ (భారతీయ ప్రమాణం) 303 కింద వచ్చే ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) గ్రేడు ప్లై గది లోపలి తేమ వరకు తట్టుకుంటుంది. మన జనం కమర్షియల్ ప్లై అనేది దీన్నే. ఐఎస్ 710 అంటే బీడబ్ల్యూపీ (బాయిలింగ్ వాటర్ ప్రూఫ్), మెరైన్ ప్లై అంటారు. దీని అతుకును 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. హైదరాబాద్, కరీంనగర్, అనంతపురం లాంటి చోట్ల, బాత్రూమ్‌కు సంబంధం లేని లోపలి గోడకైతే మంచి కంపెనీ ఎంఆర్ గ్రేడు చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, లేదా ఎక్కడైనా వాన జల్లు కొట్టే బయటి గోడకు ఐఎస్ 710 కొనండి. షీటు మీద ఐఎస్ఐ ముద్ర, ఆ నంబరు రెండూ ఉన్నాయో లేదో దుకాణంలోనే చూసుకోండి. షీటు అంచుల్లో పొరల మధ్య ఖాళీలు కనపడితే ఎంత తక్కువ ధర చెప్పినా వద్దు.

సొంతంగా చేయడం అంటే కోత కూడా మనమే కోయాలని పట్టుదల పెట్టుకోకండి. చేతి మెషిన్‌తో ఎనిమిది అడుగులు నిటారుగా కోయడం అలవాటు లేనివాళ్లకు కష్టం, ప్రమాదం కూడా. ప్యానెల్ సా (షీట్లు కోసే పెద్ద రంపం) ఉన్న వర్క్‌షాపులో కొలతల కాగితం ఇస్తే కోసి, అంచులకు ఎడ్జ్ బ్యాండింగ్ చేసి ఇస్తారు. సన్‌మైకా కూడా అక్కడే ప్రెస్ చేయించుకుంటే బుడగలు లేకుండా వస్తుంది. ఇక ఇంట్లో మిగిలేది బిగింపు. నిలువు చెక్కలను పక్కపక్కన పడుకోబెట్టి, అన్నిటి మీదా ఒకేసారి మూలమట్టంతో గీతలు గీయండి. విడివిడిగా కొలిస్తే ఎక్కడో ఒక చోట రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది, అర ఊగుతుంది. గీత మీద అంగుళం వెడల్పు పట్టీని ఫెవికాల్ రాసి మూడు స్క్రూలతో బిగించండి. స్క్రూ పొడవు రెండు చెక్కల మందం మొత్తం కంటే తక్కువ ఉండాలి, లేకపోతే మొన అవతలికి పొడుచుకొస్తుంది. అర ఆ పట్టీల మీద కూర్చుంటుంది, పైనుంచి రెండు స్క్రూలు చాలు. పుస్తకాల బరువు పట్టీ మోస్తుంది, పైనుంచి వేసిన స్క్రూల మీద భారం పడదు. వడ్రంగం రానివాళ్లకు ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

మన గదుల నేల, గోడ పూర్తిగా సమంగా ఉండడం అరుదు. ముందు పీఠాన్ని స్పిరిట్ లెవెల్ పెట్టి, కింద పల్చటి చెక్క ముక్కలు దూర్చి సమం చేశాకే పైన అలమారా ఎక్కించండి. గోడకూ పక్క చెక్కకూ మధ్య మిగిలిన సందును ఒక బీడింగ్ పట్టీతో మూసేస్తే, గోడలోంచి పుట్టినట్టే ఉంటుంది.

వడ్రంగి కొటేషన్‌తో పోల్చి చూడాలనుకుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. చాలామంది ఎదురుగా కనిపించే వైశాల్యానికి రేటు చెబుతారు, ఈ అలమారాకు అది 56 చదరపు అడుగులు. అందులో ఏ ప్లై, ఏ సన్‌మైకా, వెనక చెక్క ఉందా లేదా అనేది కాగితం మీద రాయించుకోకుండా రేట్లు పోల్చడం దండగ.

రెడీమేడ్, స్టీలు, టేకు

2018లో హైదరాబాద్‌లో ఐకియా ఫర్నిచర్ దుకాణం తెరిచాక వాళ్ల బిల్లీ అనే పుస్తకాల అలమారాలను పక్కపక్కన పెట్టి బిల్టిన్‌లా చేసుకునే పద్ధతి మన దగ్గరా కనిపిస్తోంది. రెండడుగుల ఎనిమిది అంగుళాల దాకా వెడల్పు, పార్టికల్ బోర్డు, అరకు 30 కిలోల హద్దు. నవలలకు ఈ హద్దు చాలు, చట్టాల పుస్తకాలకు చాలకపోవచ్చు. తొందరగా అయిపోతుంది, కోత లేదు, దుమ్ము లేదు. రెండు లోపాలు మాత్రం ఉన్నాయి. నీళ్లు తగిలితే పార్టికల్ బోర్డు ఉబ్బి మళ్లీ మామూలు కాదు, తడిగుడ్డతో ఇల్లు తుడిచే మన అలవాటుకు కింది అంచు ముందుగా పోతుంది. అందుకే కింద ప్లై పీఠం చేసి దాని మీద ఎక్కించాలి. రెండోది, ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూ రంధ్రాలు వదులవుతాయి. తరచూ ఇల్లు మారేవాళ్లకు ఇది నప్పదు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా స్టీలే. స్లాటెడ్ యాంగిల్ (వరసగా రంధ్రాలున్న ఇనుప యాంగిళ్లు బిగించి చేసే) ర్యాకులు గోడకు పెద్దగా రంధ్రాలు లేకుండా నిలబడతాయి, ఎన్నిసార్లైనా విప్పి బిగించొచ్చు, లారీలో మడతపెట్టినట్టు సర్దొచ్చు. అందం తక్కువే. రేకు అరల మీద ప్లై ముక్క పరిచి, యాంగిళ్లకు నల్ల రంగు వేయిస్తే ఆఫీసు గదికి నిండుదనం వస్తుంది. తీరప్రాంతంలో పౌడర్ కోటింగ్ ఉన్నవే తీసుకోండి.

టేకు గురించి ఒక్క మాట. కొత్త టేకుతో గోడంతా చేయించడం చాలామంది బడ్జెట్‌కు అందదు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, తలుపులు అమ్మే అడితీల్లో మంచి ఎండు టేకు దొరుకుతుంది. అలమారా మొత్తం ప్లైతో చేసి, ముందు అంచు పట్టీలు, బల్ల పైచెక్క మాత్రం పాత టేకుతో చేయిస్తే చెయ్యి తగిలే చోటంతా నిజమైన చెక్క ఉంటుంది. మేకులు మిగిలిపోయాయేమో అయస్కాంతంతో చూసుకున్నాకే చిత్రిక పట్టించాలి.

బల్ల అలమారాలో కలపాలా, విడిగా ఉంచాలా

విడిగా ఉంచమనే చెబుతాను. 31 అంగుళాల గడిలో ల్యాప్‌టాప్ పడుతుంది కానీ మోచేతులు పట్టవు. బల్లకు కనీసం నాలుగు అడుగుల పొడవు, రెండడుగుల లోతు ఉండాలి, వెనక కుర్చీ జరపడానికి మూడడుగుల ఖాళీ. ఎత్తు 28 నుంచి 30 అంగుళాల మధ్య. కుర్చీలో పాదాలు నేలకు ఆనించి కూర్చుని మోచేయి వంచితే, ముంజేయి నిలిచే ఎత్తే మీ బల్ల ఎత్తు. తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి కూర్చోవాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటే కాదనక్కర్లేదు, కిటికీ మాత్రం పక్కకు వచ్చేలా చూసుకోండి. ఎదురుగా ఉంటే కళ్లకు శ్రమ, వెనక ఉంటే స్క్రీన్ మీద మెరుపు, వీడియో కాల్‌లో మీ ముఖం నల్లగా. అలమారా వెనక వైపున పడితే కాల్స్‌కు అంతకంటే మంచి నేపథ్యం వేరే అక్కర్లేదు.

అలమారా బిగించాక కొత్త సాకెట్ పెట్టడం నరకం. రౌటర్, యూపీఎస్, మానిటర్, ఛార్జర్లు ఎక్కడుంటాయో ముందే గోడ మీద సుద్దతో గీసి, ఎలక్ట్రీషియన్‌తో పాయింట్లు, ఇన్వర్టర్ లైను వేయించుకోండి. వైరింగ్ పని మాత్రం సొంతంగా చేయొద్దు. ప్లై కోయించేటప్పుడే వెనక చెక్కలో వైర్లకు రెండున్నర అంగుళాల రంధ్రం పెట్టించండి.

చెదల మందు కొట్టించేది కూడా అలమారా పెట్టకముందే. గోడా నేలా కలిసే చోట వరసగా రంధ్రాలు వేసి మందు ఎక్కించి మూసే పద్ధతికి ఐఎస్ 6313 ప్రమాణం ఉంది, పెస్ట్ కంట్రోల్ వాళ్లను ఆ ప్రకారం చేయమని అడగండి. కొత్త ప్లై వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచి, ఆ తర్వాతే పుస్తకాలు సర్దండి. సిల్వర్ ఫిష్ రాకుండా ఎండు వేపాకు పెడితే మంచిదే, కలరా ఉండలు మాత్రం మీరు రోజంతా కూర్చునే గదిలో వద్దు, వాటి ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు.

సర్దేటప్పుడు కింది వరసలు ముందు నింపండి. అంతకన్నా ముందే పై చెక్కను రెండు చోట్ల ఎల్ క్లాంపులతో గోడకు బిగించాలి, చిన్న పిల్లలున్న ఇంట్లో అయితే మూడు చోట్ల. నెల తర్వాత ఒకసారి స్క్రూలన్నీ బిగించి, ప్రతి అర ముందు అంచు వెంట దారం లాగి పట్టుకుని చూడండి. మధ్యలో రెండు మిల్లీమీటర్లకు మించి సందు కనిపిస్తే, ఆ అర కింద టేకు పట్టీ కొట్టే సమయం అదే.